కానుగేరి నల్లమన్ను

మునిలక్ష్మి పెదాల మూలల్లో నల్లమన్ను ఎండి అంటుకొని ఉంది. చిత్తూరు ఆసుపత్రిలో మంచాలు ఖాళీ లేవన్నారు. వరండాలో చాప పరిచి పడుకోబెట్టారు. పక్కనే కూచుని రేవతి తడిగుడ్డతో ఆ మన్ను తుడుస్తోంది. పెదవి కాస్త తొలిగినప్పుడు చిగుళ్ళ వెంబడి నీలంగా ఒక గీత కనబడింది. దాన్ని కూడా మన్నే అనుకొని తుడిచింది. అది పోలేదు.

మునిలక్ష్మి రేవతికి చిన్నాయన కూతురు, రెండేళ్ళు పెద్దది. ఏడో నెల. ముందురోజు పొద్దున్నే మూర్ఛ వచ్చి పడిపోతే కానుగేరి నుంచి పూతలపట్టు దాకా ఆటోలో, అక్కణ్ణుంచి బస్సు సీట్ల నడుమ పడుకోబెట్టి తెచ్చారు. బిడ్డ చనిపోయి పుట్టింది. ఆడబిడ్డ. మునిలక్ష్మి మొగుడు, ఇల్లరికం వచ్చిన కుప్పయ్య ఆ బిడ్డను తన తువ్వాలలో చుట్టుకొనిపోయి పూడ్చిపెట్టి వచ్చి, వరండా స్తంభానికి ఆనుకొని నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు.

"ఏం పెట్టినారమ్మా ఈయమ్మకు?" అని గద్దించింది నర్సమ్మ.

"పెట్టేదేముండాది తల్లీ, ఇంత సంగటి," అంది మునిలక్ష్మి తల్లి దేవకమ్మ. "కడుపుతో ఉండే పిల్ల గదా, మన్ను మింద మనసు పోయింది. పొయ్యి గడ్డ గిల్లుకోని తింటా ఉన్నింది. ఇది కడుపులో ఉన్నెప్పుడు నేనూ తిన్నాను. మాయమ్మా తినింది. ఎవురికీ ఏమీ కాలా."

కానుగేరిలో అది అందరికీ తెలిసిన సంగతి. కడుపుతో ఉన్న ఆడది పొయ్యి మన్ను గిల్లి నోట్లో వేసుకుంటే ఎవరూ వద్దనరు. మంచి మన్ను వెతికి తెచ్చి పొయ్యి మెత్తి ఇస్తారు.

చిన్న వయసు డాక్టరొకాయన అనుమానపడి రక్తం తీసి వేలూరుకు పంపించాడు. కాగితం రావడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పటికి మునిలక్ష్మికి కళ్ళు సరిగా కనబడడం లేదు. మూడో రోజు ఒక్కసారి తెలివి వచ్చింది. రేవతి చెయ్యి తడిమి పట్టుకొని, "పాపా, ఇంటికి పోయినప్పుడు పొయ్యికాడ రోంత మన్ను గిల్లుకోని రామే. బెల్లం వాసనొస్తాది," అని అడిగింది. తర్వాత మళ్ళీ మాట్లాడలేదు.

కాగితం చూసి డాక్టరు, "సీసం. ఇంత సీసం ఈమె ఒంట్లోకి ఎట్లా వచ్చింది? మీ ఇంట్లో బ్యాటరీల పని చేసేవాళ్ళున్నారా?" అని అడిగాడు.

"నేను చేస్తా సార్, ఫ్యాక్టరీలో కొలిమికాడ," అన్నాడు కుప్పయ్య. నాలుగు రోజుల్లో అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"కొలిమి దగ్గర నువ్వు బాగానే ఉన్నావు. పొయ్యి దగ్గర ఈమెకు రావడమేమిటి?"

దేవకమ్మ "మన్ను" అంది. రేవతి చేతిలో గుడ్డ అట్లాగే ఆగిపోయింది.

ఆ సాయంత్రమే మునిలక్ష్మి పోయింది.

*

ఈ కథ ఆ మన్ను కథ. మన్ను కన్నా ముందు నీళ్ళ కథ.

కానుగేరి చెరువుకు ఎగువన సీసం ఫ్యాక్టరీ వచ్చి తొమ్మిదేళ్ళయింది. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీస్తారు, లారీల కాలిన ఆయిలు శుద్ధి చేస్తారు. కడిగిన నీళ్ళన్నీ వంకలోంచి చెరువులోకి వదిలారు. నీళ్ళ మీద రంగురంగుల తెట్టు కట్టింది. చేపలు వెల్లకిలా తేలాయి. చూడి ఎనుములు ఈసుకుపోయి చచ్చిన దూడల్ని వేశాయి. ఊరు మూడుసార్లు రోడ్డు మీద కూచుంది. మూడోసారి ఇరవైమందిని వ్యానెక్కించారు. అప్పటికి గొడవ పేపర్లకెక్కడంతో కంపెనీ దిగివచ్చి, "చెరువు మేమే బాగు చేయిస్తాం. సైన్సుతో చేయిస్తాం" అంది.

ఆ సైన్సు తిరుపతి నుంచి వచ్చింది. యూనివర్సిటీ ప్రొఫెసర్ దేవనాథన్ ఇరవై ఏళ్ళుగా సముద్రం మీద పని చేస్తున్నాడు. ఓడల నుంచి కారిన చమురుతో నల్లబడ్డ రేవు బురదలో బతికే బ్యాక్టీరియాను ఏరి తెచ్చి పెంచాడు. కొన్ని చమురును తింటాయి. కొన్ని నీళ్ళలో కరిగిన సీసాన్ని పట్టుకొని నల్లటి మడ్డిగా మార్చి అడుక్కు దించుతాయి. ఆయన దగ్గర ప్రాజెక్టులో పని చేస్తున్న అమ్మాయే రేవతి. కానుగేరి రైతు చెంగయ్య కూతురు, ఆ ఊళ్ళో డిగ్రీ దాటిన మొదటి మనిషి.

స్కూలు ముందర మీటింగు పెట్టారు. ప్రొఫెసరు సగం ఇంగ్లీషులో, సగం తిరుమల కొండ మీది అయ్యవార్ల తెలుగులో చెప్తే జనం మొహాలు చూసుకున్నారు. రేవతి లేచి నిలబడింది.

"సిన్నమ్మా, పాలల్లో రోంత తోడేస్తే ఏమైతాది?"

"పెరుగైతాది," అంది దేవకమ్మ.

"ఆ తోడులో ఉండేదీ ఇట్లాంటి సన్న పురుగులే. కంటికి కనబడవు."

"అంటే ఇన్నేండ్లూ నేను పురుగులు తాగతా ఉండానా మే?" అన్నాడు ఒక ముసలాయన. జనం గొల్లున నవ్వారు.

"ఈ తోడేస్తే సెరువంతా పెరుగైతాదేమో, సూసుకోండబ్బా. ఉప్పూ మిరక్కాయా తెచ్చుకోండి!" అన్నాడు ఇంకొకడు. మళ్ళీ నవ్వులు.

"తోడు మంచిదైతే పాలు సెడవు," అని దేవకమ్మ తేల్చేసింది. అందరూ తలలూపారు. చప్పట్లు కొట్టారు.

రేవతికి చెప్పవలసింది ఇంకా సగం ఉంది. చమురును తింటాయి గాని సీసాన్ని తినలేవు. దాన్ని అడుక్కు దించి దాస్తాయి, అంతే. నీళ్ళ కింద ఉన్నంతకాలం అది కట్టుబడి ఉంటుంది. ఎండకు ఎండితే మళ్ళీ విడుదలవుతుంది. అందుకే మూడో మెట్టుగా ఆ మన్నంతా కంపెనీయే తోడి సిమెంటు గుంతల్లో మూసిపెట్టాలి. ఈ సంగతి రేవతికి బాగా తెలుసు. కానీ చప్పట్లు కొడుతున్నారు. నాయన చెంగయ్య తలపాగా తీసి భుజాన వేసుకొని, పక్కవాడికి "మా పాప" అని చూపిస్తున్నాడు. మిగతా సగం చెప్తే గందరగోళపడతారని ఆమె కూచుంది.

పనులన్నీ కంపెనీ కాంట్రాక్టరు జయచంద్ర చేయించాడు. పాత సర్పంచి కొడుకు అతను. పురుగులకు మేతగా చుట్టుపక్కల గానుగల నుంచి బెల్లం మడ్డి తెప్పించి డ్రమ్ములకొద్దీ చెరువులో పోయించాడు. వానాకాలం పోయి చలికాలం వచ్చేసరికి తెట్టు తొలిగింది. నీళ్ళు తేటపడ్డాయి. పురుగులు తమ పని నిజాయితీగా చేశాయి. మనుషులే చెయ్యలేదు.

ఎండాకాలం చెరువు ఎండింది. మూడో మెట్టుకు సిమెంటు గుంతలు కట్టాలి, లారీలు పెట్టాలి. జయచంద్ర వాటికి బదులు ఊళ్ళో దండోరా వేయించాడు. "బెల్లం మడ్డి తాగిన మన్ను. ఎరువేసే పని లేదు. ఎవురికి ఎంత కావల్లంటే అంత తోలుకోండి. అడిగేవాడు లేడు."

చెరువు పూడిక చేలకు తోలుకోవడం ఈ సీమ రైతుకు పండగలాంటిది. కానుగేరి తోలుకుంది. ఐరాల దావలో ఉన్న నాలుగు పల్లెలూ తోలుకున్నాయి. చేలకు చల్లారు, కాలవ మడవలకు అడ్డం వేశారు, అరుగులు మెత్తారు, పొయ్యిలు పెట్టారు.

తిరుపతిలో రేవతికి ఉత్తరం వచ్చింది. చెంగయ్యకు రాత రాదు. ఆయన చెప్తుంటే మునిలక్ష్మి రాసింది. "మీ నాయన పదైదు బండ్లు తోలినాడు. మన్ను బంగారం మాదిరి ఉంది. పెదనాయన నాకూ రెండు తట్టలు ఇచ్చినాడు. కొత్త పొయ్యి పెట్టినాను. ఇంకో సంగతి, నాకు ఐదో నెల." రేవతి సెమినార్‌కు సిద్ధమవుతోంది. ఆఖరి మాట చదివి నవ్వుకుంది. ఉత్తరం పుస్తకంలో పెట్టింది.

*

మునిలక్ష్మి పోయిన పదో రోజు గడవకముందే రేవతి తిరుపతి పోయింది. ప్రొఫెసర్ దేవనాథన్ ఇంట్లో ఆయన భార్య వకుళాదేవమ్మ మజ్జిగ ఇచ్చి లోపలికి పోయింది. రేవతి గ్లాసు ముట్టుకోలేదు. మునిలక్ష్మి రక్తం కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని చాలాసేపు చదివాడు. ఉన్నవి నాలుగు వరుసలే.

"మూడో మెట్టు రిపోర్టులో ఉందమ్మా. పద్నాలుగో పేజీ. నేను రాసి సంతకం పెట్టి ఇచ్చాను," అన్నాడు.

"ఊళ్ళో ఎవరికి తెలుసు సార్ ఆ పేజీ?"

"వాళ్ళు మన్ను తోలుకుంటారని నాకు తట్టలేదు. నా పనంతా సముద్రంలో కదా. సముద్రం అడుగున బురద తవ్వి ఎవరూ పొయ్యి మెత్తుకోరు." ఆయన కళ్ళజోడు తీశాడు. "నీకు తట్టి ఉండాల్సింది, రేవతీ. నువ్వు ఆ ఊరిదానివి."

ఆ మాట నిజం.

"పైకి రాద్దాం. కమిటీ వేయిద్దాం. టైం పడుతుంది. తొందరపడొద్దమ్మా, వచ్చే నెల నా రిటైర్మెంటు…"

"రిపోర్టు మొత్తం ఒక కాపీ ఇవ్వండి సార్," అంది రేవతి.

ఇవ్వనని అనలేదాయన. లేచి బీరువా తెరిచి ఇచ్చాడు. ఆయన చెయ్యగలిగిన సాయం అంతవరకే.

*

దినాల ముందురోజు జయచంద్ర చెంగయ్య ఇంటికి వచ్చాడు. చేతిలో టైపు చేసిన కాగితం.

"సెంగయ్యమామా, పాప చేత ఈడొక సంతకం పెట్టించు. మన్ను పరీక్ష చేసి మంచిదని తనే చెప్పినట్టు. ఆడపిల్ల, సదువుకున్న పిల్ల, ఏమీ కాదు. ఏదో పొరపాటయిందంటారు, ఆడికి సరి. ఫ్యాక్టరీ ల్యాబులో పని చూపిస్తా. దినామూ మీ ఇంటి సంగటే తినొచ్చు."

చెంగయ్య కూతురి వైపు చూశాడు. ఆ చూపులో అడగడం ఉంది. కూలి చేసి చదివించినవాడు మరి. రేవతి కాగితం తీసుకొని మడిచింది. "రేపు ఊరి ముందర ఇస్తాలేన్నా," అంది.

మర్నాడు దేవకమ్మ ఇంటి ముందర ఊరంతా చేరింది. రైతుకూలీ సంఘం శాంతయ్య చిత్తూరు నుంచి వచ్చి ఒక పక్కన కింద కూచున్నాడు. జయచంద్ర వస్తే ఎవరో మంచం వేశారు. అందరూ నేల మీద, అతనొక్కడే మంచం మీద.

"ఎన్నాళ్ళనుంచో తింటా ఉండే మన్నుకు ఇప్పుడు పేరు పెట్తా ఉండారు," అన్నాడు. "బిడ్డ చనిపోయిన బాధలో ఏమేమో అనుకుంటారు. మన్ను మంచిదే. కంపెనీ సైంటిస్టులు చెప్పినారు."

"అయితే నువ్వు నీ ఇంట్లో పొయ్యి మెత్తుకున్నావా అన్నా?" అన్నాడు స్కూలు మీటింగులో తోడు మాటకు నవ్వించిన ముసలాయన.

"మాది గ్యాసు గదా మామా."

ఎవరూ నవ్వలేదు. జయచంద్ర గొంతు పెంచాడు. "తోడు మాదిరి అని మీకు చెప్పిందెవురు? నేను చెప్పినానా? మీ పిల్లే చెప్పింది. అడగండి!"

జనం రేవతి వైపు తిరిగారు.

"నిజమే గదా మే. నువ్వు చెప్తేనే గదా మేము నమ్మింది?"

"కంపెనీ ఎట్లా దొంగదే. నువ్వు మన బిడ్డవి గదా!"

"ఫ్యాక్టరీ మూయించేటట్లుండారు. మా కొలిమి పనోళ్ళు అరవై ఇండ్లు ఏం తిని బతకాల? మన్నా?" అని ఒక కార్మికుడు అరిచాడు. అన్నాక తనే తల దించుకున్నాడు.

రేవతి లేచింది. 

"నేనే చెప్పినాను," అంది. "సగం చెప్పినాను. నూనెను తింటాయని చెప్పి, సీసాన్ని తినలేవని చెప్పలేదు. మీరు చప్పట్లు కొడితే కూచునేసినాను. అక్క ఉత్తరం రాసింది, మన్ను తోలినారని, పొయ్యి పెట్టుకున్నానని. చదివినాను. పుస్తకంలో పెట్టుకున్నాను. ఆ దినం బస్సెక్కి వచ్చుంటే అక్క బతికేది. ఇది నా తప్పు. దీన్ని ఎవురి మీదా తొయ్యను."

 ఆమె రిపోర్టు తెరిచింది.

"ఇది కంపెనీకి ఇచ్చిన రిపోర్టు. పద్నాలుగో పేజీ. అడుగు మన్నులో సీసం ఉంటుంది, దాన్ని మనుషులు గాని పశువులు గాని తాకకుండా తోడి సిమెంటు గుంతల్లో మూయాలి అని రాసుండాది. కింద కంపెనీ అందినట్టు ముద్ర వేసింది. ముద్ర మీది తేదీ దండోరాకు నాలుగు నెలల ముందర." జయచంద్ర ఇచ్చిన కాగితం తీసి చూపించింది. "ఇది నిన్న ఈయన తెచ్చినాడు. మన్ను మంచిదని నేను సంతకం పెట్టాలంట. పెడితే నాకు ఉద్యోగమంట."

చెంగయ్య ముందుకు వచ్చి, ఆ కాగితం కూతురి చేతిలోంచి తీసుకొని, మంచం మీద జయచంద్ర పక్కన పెట్టాడు. "తీసుకోని పో నాయనా," అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. జయచంద్ర లేచి పోయాడు.

అంతా ఒక్కసారిగా మాట్లాడారు. ఆఫీసర్లకు అర్జీ ఇద్దామన్నారు. కోర్టుకు పోదామన్నారు. శాంతయ్య అప్పుడు నోరు విప్పాడు. "అర్జీ ఇయ్యండి. కేసూ ఎయ్యండి. అంతవరకూ మన్ను యాడుంటాది? ఇంకా ఎన్ని ఇండ్లల్లో కడుపుతో ఉండే పిల్లలున్నారో లెక్క చూసినారా?"

నలుగురు. కానుగేరిలోనే నలుగురు.

దేవకమ్మ ఇంట్లోకి పోయింది. లోపల గడ్డపార చప్పుడు. బయటికి వచ్చినప్పుడు ఆమె నెత్తిన తట్టలో మునిలక్ష్మి పొయ్యి ఉంది, మూడు ముక్కలుగా.

"ఎవురి మన్ను వాళ్ళకిచ్చేసి వద్దాం," అంది.

*

రెండు రోజులు ఊరు ఊరంతా మన్ను ఎత్తింది. వట్టి చేతులతో ముట్టుకోవద్దని రేవతి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. చేతులకు ప్లాస్టిక్ సంచులు, ముక్కుకు తడిగుడ్డ. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి ఎత్తాలి. పిల్లల్నీ కడుపుతో ఉన్నవాళ్ళనూ స్కూల్లో ఉంచారు. ఈసారి ఏదీ సగం చెప్పలేదామె. పక్క పల్లెలకూ కబురు పంపింది. వాళ్ళు వింటున్నారో లేదో తెలియలేదు.

మూడో రోజు పొద్దున షిఫ్టు మారే వేళకు ట్రాక్టర్లు, ఎద్దుల బండ్లు, తట్టలు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్ళు ఫ్యాక్టరీ గేటు ముందుకు వచ్చారు. అన్నిటికన్నా ముందు దేవకమ్మ. ఆమె పొయ్యి ముక్కలు దించింది. తర్వాత తట్టలు దించారు. తర్వాత ట్రాక్టర్లు తొట్లెత్తి మన్ను పోశాయి. గేటు సగం దాకా నల్లగుట్ట లేచింది. తడిమన్ను లోంచి బెల్లం వాసన వచ్చింది.

లోపల సైరన్ కూసింది. రాత్రి షిఫ్టు కార్మికులు బయటికి రావాలి, పగటి షిఫ్టు లోపలికి పోవాలి. అరవైమందీ గుట్టకు అటూ ఇటూ నిలబడ్డారు. మేనేజరు లోపలి నుంచి, "పారలు తెచ్చి తీసెయ్యండిరా! దావ చెయ్యండి!" అని అరిచాడు.

కుప్పయ్య పార తీసుకొని గుట్ట దగ్గరికి వచ్చాడు. పొయ్యి ముక్కల మీద చూపు ఆగింది. ఒక ముక్క మీద మునిలక్ష్మి వేలి గుర్తులు అట్లాగే ఉన్నాయి, మెత్తినప్పటివి. అతను పార కింద పెట్టాడు. గుట్ట ముందర కూచున్నాడు.

"లేయ్ రా కుప్పా, పని పోతాది!" అన్నాడు మొన్న అరిచిన కార్మికుడు.

"పోనీలేప్పా. పని చేసి ఎవురికి తీసకపోవాల?"

ఆ మనిషి కాసేపు నిలబడి, వచ్చి పక్కన కూచున్నాడు. తర్వాత ఒక్కొక్కరే కూచున్నారు. కొలిమి తొమ్మిదేళ్ళలో మొదటిసారి చల్లారింది.

పోలీసులు పది గంటలకు వచ్చారు. లాఠీలు లేచాయి. శాంతయ్య తల పగిలింది. ఆడవాళ్ళను జుట్టు పట్టి ఈడ్చారు. చెంగయ్య కూతురి మీదికి వచ్చిన దెబ్బను భుజం మీద కాచుకున్నాడు. యాభై ఇద్దరిని వ్యాన్లలోకి ఎక్కించారు. మన్నును మాత్రం ఒక్క పోలీసూ ముట్టుకోలేదు.

*

స్టేషన్ ఆవరణలో ఎండలో కూచోబెట్టారు. మధ్యాహ్నం కంపెనీ మేనేజరు వచ్చి కంప్లయింటు ఇచ్చి పోయాడు. రైటరు కాగితం పట్టుకొని వరండాలోకి వచ్చాడు. "మీ మీద ఇచ్చిన కంప్లయింటు. విని సంతకాలు, వేలిముద్రలు వేయండి," అని గడగడ చదవసాగాడు. అక్రమంగా గుంపుగా చేరినారు, దారి అడ్డగించినారు…

"…సదరు ముద్దాయిలు, సీసంతో కూడిన, మనుషుల ప్రాణాలకు హాని కలిగించే విషపూరిత మట్టిని ట్రాక్టర్లలో తెచ్చి, దురుద్దేశంతో మా గేటు ముందర పోసి, మా సిబ్బంది ఆరోగ్యానికి తీవ్ర ప్రమాదం కలిగించినారు…"

"సార్," అంది దేవకమ్మ. "మళ్ళా ఒకసారి సదువు. మన్ను గురించి రాసింది."

రైటరు విసుక్కుంటూ చదివాడు.

"ఆ మన్నుకు ఏమని పేరు పెట్టినారు?"

"విషపూరిత మట్టి అని."

"ఎవురు రాసినారు? మేమా?"

"మీరెందుకు రాస్తారు? కంపెనీ వాళ్ళు రాసినారు," అన్నాడు రైటరు. అన్నది తనకే తట్టి, కాగితం మడవబోయాడు. అప్పటికే యాభై రెండు జతల చెవులు విన్నాయి. రేవతి కేసు నంబరూ తేదీ అడిగి, అరచేతిలో రాసుకుంది.

ఆసుపత్రి వరండాలోనూ, పూడ్చేటప్పుడూ, దినాలనాడూ ఏడవని దేవకమ్మ అప్పుడు ఏడ్చింది. మోకాళ్ళ మీద తల పెట్టుకొని, ఎవరో పొడిచినట్టు ఏడ్చింది.

"వాళ్ళకు తెలుసునంట పాపా. మొదట్నుంచీ తెలుసునంట. వాళ్ళ గేటుకాడ పోస్తే విషమంట. నా బిడ్డ నోట్లో పోస్తే ఎరువంట."

రేవతి చిన్నమ్మ వీపు మీద చెయ్యి వేసి కూచుంది. అవతల కుప్పయ్య నేల వైపు చూస్తున్నాడు. అతని పక్కన కొలిమి పనివాడొకడు తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు.

ఇన్‌స్పెక్టరు లోపల ఫోనులో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఇంకో రెండు వ్యాన్లు కావాలంటున్నాడు. రోడ్డు మీద చప్పుడైతే అందరూ తలలు తిప్పారు. ఐరాల దావ నుంచి ట్రాక్టర్లు వస్తున్నాయి. మొదటిదాని వెనకే ఇంకొకటి, దాని వెనక బండ్లు. అన్నిట్లోనూ నల్లమన్ను, పైన తడిగోనెలు కప్పి ఉన్నాయి. పక్క పల్లెల ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకొని నడుస్తున్నారు.

దేవకమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నేల మీద చెయ్యి ఆనించి లేచింది.

"లేయ్ పాపా," అంది. "ఆ కాయితంలో రాసిన మాట ఆ పల్లెలోళ్ళకింకా తెలీదు. సెప్పాల. ఈసారి గట్టిగా సెప్పు."